మూడుసార్లు ఓడిన అభ్యర్థి



మార్కులు, ర్యాంకులు, సీట్లు... పిల్లలున్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలివే. అందుకే ఈ నెల మీకు గెలిచినవారి కథ చెప్పడం లేదు. అమెరికా అధ్యక్ష పదవికి మూడుసార్లు పోటీ చేసి, మూడుసార్లూ ఓడిపోయిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ గురించి చెబుతున్నాం.

36 ఏళ్లకే పార్టీ టికెట్

బ్రయాన్ 1860లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని సేలం అనే ఊళ్లో పుట్టారు. తండ్రి జడ్జి. తానూ లా చదివి, నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1890లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు.

మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికో అధిష్ఠానం చెబుతుంది. అమెరికాలో మాత్రం రాష్ట్రాల నుంచి వచ్చిన ప్రతినిధులు మహాసభలో ఓటేసి అభ్యర్థిని తేలుస్తారు. ఆ రోజుల్లో డెమొక్రటిక్ పార్టీలో ఎవరికో ఒకరికి మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఓటింగ్ జరిగేది. 1896 చికాగో మహాసభకు వెళ్లేటప్పటికి బ్రయాన్ పేరు ముందు వరుసలో లేదు. అప్పుల్లో కూరుకుపోయిన రైతుల తరఫున ఆయన చేసిన ప్రసంగం సభను ఊపేసింది. మర్నాడు ఐదో విడత ఓటింగ్‌లో టికెట్ ఆయనకే దక్కింది.

ఆ ఎన్నికల్లో ఆయన రైల్లో దాదాపు 18,000 మైళ్లు తిరిగారు. వందల సభల్లో మాట్లాడారు. ప్రత్యర్థి మెకిన్లీ తన ఇంటి వరండాలోంచే ప్రచారం చేసి గెలిచారు. 1900లోనూ ఫలితం అదే. 1904లో పార్టీ ఆయన్ని కాదని ఆల్టన్ పార్కర్‌కు టికెట్ ఇచ్చి, ఇంకా ఘోరంగా ఓడింది. 1908లో మళ్లీ బ్రయాన్‌నే నిలబెట్టింది. ఈసారి టాఫ్ట్ చేతిలో ఓటమి.

ఓడినవి ఎన్నికలు, ఆలోచనలు కాదు

ఇక్కడే మీరు ఆగి చూడాలి. ఆదాయం ఉన్నవారిపై పన్ను వేయాలని బ్రయాన్ ఏళ్ల తరబడి అడిగారు. అందుకు కావలసిన రాజ్యాంగ సవరణను 1909లో కాంగ్రెస్ ముందుకు తెచ్చింది ఆయన్ని ఓడించిన టాఫ్టే. 1913లో అది అమల్లోకి వచ్చింది. సెనేటర్లను శాసనసభలు కాకుండా ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న ఆయన కోరికా అదే ఏడాది నెరవేరింది. ఆయన సమర్థించిన మహిళల ఓటు హక్కు 1920లో వచ్చింది.

1912 బాల్టిమోర్ మహాసభలో ఆయన అభ్యర్థి కాదు. తన మద్దతును మాత్రం మధ్యలో ఉడ్రో విల్సన్ వైపు మళ్లించారు. 46వ విడతలో టికెట్ దక్కించుకున్న విల్సన్ అధ్యక్షుడై, బ్రయాన్‌ను విదేశాంగ మంత్రిని చేశారు. అధ్యక్షుడి వైఖరి దేశాన్ని యుద్ధంలోకి లాగుతుందని అనిపించగానే, 1915లో బ్రయాన్ ఆ పదవిని వదులుకున్నారు.

ఆయన పట్టుబట్టినవన్నీ మంచివే అనుకోవద్దు. 1925లో టెన్నెసీ రాష్ట్రంలోని డేటన్‌లో పరిణామ సిద్ధాంతం బోధించిన ఉపాధ్యాయుడిపై కేసు నడిస్తే, ఆయన ఆ ఉపాధ్యాయుడికి వ్యతిరేకంగా నిలబడ్డారు. తీర్పు వచ్చిన ఐదు రోజులకు ఆ ఊళ్లోనే కన్నుమూశారు. పట్టుదల గొప్పదే, కానీ దేనికోసం అన్నది కూడా ముఖ్యమే. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలి.

ఇంట్లో చూసి నేర్చుకున్న కూతురు

బ్రయాన్ పెద్ద కూతురు రూత్ తండ్రి ఓటములను దగ్గర్నుంచి చూస్తూ పెరిగారు. 1926లో ఫ్లోరిడాలో కాంగ్రెస్ స్థానానికి పార్టీ టికెట్ కోసం పోటీపడి, కొద్ది తేడాతో ఓడిపోయారు. రెండేళ్ల తర్వాత మళ్లీ నిలబడి గెలిచారు. ఫ్లోరిడా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన తొలి మహిళ ఆమే. 1933లో డెన్మార్క్‌లో అమెరికా ప్రతినిధిగానూ నియమితులయ్యారు.

ఓడిపోయాక ఏం చేయాలో పిల్లలకు మనం చెప్పే మాటలు కొంతే నేర్పుతాయి. మనం ఓడినప్పుడు ఎలా ఉన్నామో వాళ్లు గమనిస్తూనే ఉంటారు.

ఈ నెల ఇంట్లో: భోజనాల దగ్గర మీకు దక్కకుండా పోయిన ఒక అవకాశం గురించి, ఆ తర్వాత మీరేం చేశారో పిల్లలకు చెప్పండి. తర్వాత వాళ్లు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి.