జోసెఫ్ ప్రీస్ట్లీ

మూతవేసిన పాత్రలో వెలుగుచున్న కొవ్వొత్తి కొంతసేపటికి ఆరిపోవును. అట్టి పాత్రలోనే చుంచెలుక నుంచినచో అదియు కొంతసేపటికి ప్రాణము విడుచును. ఈ సంగతి మనుష్యులు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. అట్లయినచో ఇన్ని కోట్ల జీవులు అనాదిగా శ్వాసించుచుండగా, ఇన్ని మంటలు మండుచుండగా, భూమిని ఆవరించియున్న గాలి యేల చెడిపోలేదు? ఈ ప్రశ్నకు మార్గము చూపినవాడు వైద్యుడు కాడు. రసాయనశాస్త్రమే వృత్తిగా గలవాడును కాడు. ఆయన యొక క్రైస్తవ మతబోధకుడు.

జోసెఫ్ ప్రీస్ట్లీ 1733వ సంవత్సరము మార్చి నెలలో ఇంగ్లండు దేశమున లీడ్స్ నగరమునకు సమీపముననున్న ఫీల్డ్‌హెడ్ అను గ్రామమున జన్మించెను. తండ్రి ఉన్నిబట్టలకు మెరుగుపెట్టి జీవించువాడు. పసితనముననే తల్లి గతించుటచే మేనత్త ఆ బాలుని పెంచెను. ఆయనకు మాటలో నత్తి యుండెను. అయినను లాటిను, గ్రీకు, హీబ్రూ మొదలగు పెక్కు భాషలను శ్రద్ధతో నేర్చెను. ప్రభుత్వ మతసంఘమున చేరనివారి బిడ్డలకు ఆ కాలమున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో పట్టములు లభించెడివి కావు. అందుచే ఆయన అట్టివారు స్థాపించుకొన్న డావెంట్రీ విద్యాలయమున చదివి బోధకుడయ్యెను. నత్తిగల వానికి ఉపన్యాసమే జీవనాధారమగుట యెంతటి కష్టమో ఊహింపవచ్చును! తరువాత వారింగ్టనులో ఉపాధ్యాయుడుగా నుండెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రోత్సాహముతో విద్యుచ్ఛక్తి చరిత్రమును వ్రాసి 1767లో ప్రకటించెను.

ఆ సంవత్సరముననే ఆయన లీడ్స్ నగరమున ప్రార్థనామందిరమునకు బోధకుడుగా వెడలెను. అచట ఆయన యింటి ప్రక్కనే ధాన్యమును పులియబెట్టి బీరు తయారుచేయు శాల యొకటి యుండెను. పులియుచున్న తొట్టెల పైభాగమున ఒక విధమైన గాలి నిలిచియుండుట ఆయన కనిపెట్టెను. మండుచున్న పుల్ల నందుంచిన వెంటనే ఆరిపోవుచుండెను. అదియే బొగ్గుపులుసు వాయువు. దానిని నీటిలో కరగించుటచే చుఱ్ఱుమను రుచిగల పానీయ మేర్పడెను. ఆ విధానమును 1772లో చిన్నపుస్తకముగా ప్రచురించెను. మన యూళ్లలోని గోలీసోడాకు మూల మిదియే. ఇతరులు దానితో వ్యాపారము చేసిరి గాని ప్రీస్ట్లీ ధనము గడింపలేదు.

ఇంతకంటె గొప్ప విషయ మొకటి 1771వ సంవత్సరమున ఆయన కంటబడెను. నీటిపై బోర్లించిన గాజుపాత్రలో ఒక పుదీనా కొమ్మ నుంచెను. జంతువు వలెనే మొక్కయు గాలిని చెడగొట్టి చచ్చునని ఆయన మొదట తలచెను. కాని యది నెలల తరబడి పెరిగెను. పైగా పాత్రలోని గాలి కొవ్వొత్తిని ఆర్పలేదు. చుంచెలుకకు హాని చేయలేదు. ఆయన ఆశ్చర్యపడి, ఆగస్టు 17వ తేదీన, కొవ్వొత్తి మండి ఆరిన గాలిలోనే పుదీనా కొమ్మ నుంచెను. పది దినములు వేచి 27వ తేదీన వెలుగుచున్న మఱియొక కొవ్వొత్తిని అందు ప్రవేశపెట్టగా అది చక్కగా వెలిగెను. ఇది యాదృచ్ఛిక మేమో యను సంశయము తీరుటకై, చెడిన గాలిని రెండు భాగములు చేసి, ఒకదానిలో మొక్క నుంచి రెండవదానిని అట్లే విడిచెను. మొక్కగల భాగమున కొవ్వొత్తి వెలిగెను. మొక్కలేని భాగమున ఆరిపోయెను. పుదీనా సువాసన ఇందుకు కారణము కాదని తెలియుటకు వేఱు మొక్కలతోను పరీక్షించెను. జంతువులు చెడగొట్టిన గాలిని మొక్కలు బాగుచేయుచున్నవని ఆయన నిశ్చయించెను. ఈ పరిశోధనలకు రాయల్ సొసైటీవారు ఆయనకు 1772వ సంవత్సరపు కాప్లీ పతకము నొసంగిరి.

పిదప ఆయన షెల్బర్న్ ప్రభువు నాశ్రయమున నుండెను. 1774వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన, పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను పాదరసపు ఎఱ్ఱని భస్మముపై పడజేయగా ఒక వాయువు వెలువడెను. అందు కొవ్వొత్తి మిక్కిలి ప్రకాశముతో మండెను. మరుసటి సంవత్సరము దానియందు చుంచెలుక నుంచెను. సామాన్యమైన గాలిలో పావుగంట బ్రదుకవలసిన ఎలుక అరగంట సేపుండి, వెలుపలికి తీసిన పిమ్మట కోలుకొనెను. తరువాత ఆయన స్వయముగా ఆ వాయువును పీల్చి చూచి, గుండె తేలికపడినట్లు తోచెనని వ్రాసికొనెను. అదియే ప్రాణవాయువు. స్వీడను దేశీయుడగు షీలే అంతకు ముందే దానిని కనుగొనెను గాని ఆ సంగతి ముందుగా ప్రకటింపలేదు.

అయినను ప్రీస్ట్లీ తాను కనుగొన్నదాని యర్థమును పూర్తిగా గ్రహింపలేదు. మండు వస్తువులనుండి ఫ్లోజిస్టను అను పదార్థము వెలువడునని పూర్వులు నమ్మిరి. ఆయనయు దానినే తుదివరకు నమ్మెను. 1774లో పారిసు నగరమున విందునందు ఆయన చెప్పిన వార్త విన్న లవోజియే, మండుటయు శ్వాసించుటయు ఈ వాయువును గ్రహించుటయే యని నిరూపించెను. మొక్కల విషయమునను లోప మొకటి మిగిలెను. కొన్నిసార్లు ప్రయోగము ఫలింపకుండెను. కారణము వెలుతురు. ఆకుపచ్చని భాగములు సూర్యరశ్మిలోనే గాలిని బాగుచేయుననియు, చీకటిలో మొక్కలును జంతువుల వలెనే గాలిని చెడగొట్టుననియు 1779లో ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు వెల్లడించెను. ఆకులపైగల సూక్ష్మరంధ్రముల ద్వారా బొగ్గుపులుసు వాయువు లోనికి బోవుటయు, ప్రాణవాయువు వెలికి వచ్చుటయు ఇప్పుడు ప్రతి విద్యార్థియు నెఱిగినదే.

1780లో ఆయన బర్మింగుహాము చేరెను. రాజు నధికారమునుగూర్చియు మతమునుగూర్చియు తన యభిప్రాయములను దాచక వ్రాయుటయు, ఫ్రెంచి విప్లవమును మెచ్చుకొనుటయు పలువురకు కోపము కలిగించెను. 1791 జూలై 14న విప్లవ వార్షికోత్సవపు విందు జరిగెను. ఆ విందునకు ప్రీస్ట్లీ పోనేలేదు. అయినను ఆ రాత్రి అల్లరిమూక ఆయన యింటిమీద పడెను. భార్యాభర్తలు ముందుగా తప్పించుకొనుటచే ప్రాణములు దక్కెను. గ్రంథాలయము, ప్రయోగశాల, ఏండ్లతరబడి వ్రాసిన కాగితములు నాశనమయ్యెను. ఇల్లు బూడిదయ్యెను.

ఇంగ్లండులో నిలువ వీలుగాక 1794లో ఆయన అమెరికాకు ఓడయెక్కెను. ఆయన సముద్రముమీద నుండగనే, మే 8వ తేదీన, పారిసులో లవోజియే శిరస్సు ఖండింపబడెను. ప్రీస్ట్లీ పెన్సిల్వేనియా రాష్ట్రమున నార్తంబర్లండ్ అను చిన్న యూరిలో ఇల్లు కట్టి, మరల ప్రయోగశాల నమర్చుకొనెను. 1795లో చిన్నకుమారుడును, 1796లో భార్యయు మరణించిరి. అయినను పని మానలేదు. 1804 ఫిబ్రవరి 6వ తేదీ ఉదయమున మంచముపై నుండియే తన వ్రాతలలో దిద్దవలసిన మార్పులను చెప్పి వ్రాయించెను. వ్రాసినది చదివి వినిపింపగా, సరిగా నున్నదని తెలిపి, కొంతసేపటికి కన్నుమూసెను.