శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారు

బడిలో చేరవచ్చిన బాలునికి మొదట వ్రాయబడునది పేరు, పిదప కులము. పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాయునపుడును పేరు, ఊరు అయిన వెంటనే అడుగబడునది కులమే. తాడిమర్రి ప్రాంతమున ఉపాధ్యాయులమై యున్న కాలమున మేము బడి ప్రవేశపు పుస్తకములలో ‘ఆది ఆంధ్ర’ యని ఎన్నిమాఱులు వ్రాసితిమో లెక్కలేదు. ఆ రెండుమాటలు ఎవరి ప్రయాసము వలన మనకు వచ్చినవో ఒక్క విద్యార్థికిని చెప్పినవారము కాము. ఆ లోపమును కొంత తీర్చుకొనుటకై ఈ వార్షిక మహాసభా సంచికయందు శ్రీ భాగ్యరెడ్డివర్మగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము. కులసోదరులును పోషకమహాశయులును ఆదరింతురు గాక.

వీరు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదు నగరమున మాల కుటుంబమునందు జన్మించిరి. తండ్రి మాదరి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. మొదటి పేరు భాగయ్య. కుటుంబగురువు ఈ దేశమునకు తొల్లి ప్రభువులు మన పూర్వులే యనియు, రెడ్డి యను పదము రేడు అనుదాని నుండి కలిగినదనియు చెప్పి, ఆ బాలుని భాగ్యరెడ్డి యని పిలిచెను. ఈ వ్యుత్పత్తి వైయాకరణులకు సమ్మతమగునో కాదో ఆ విచారణ యటుండనిండు. ఊరి వెలుపల పుట్టిన పసివానితో నీ పెద్దలు ఏలికలని చెప్పిన గురువులు ఆ దినములలో ఎందఱుండిరి? వర్మ యను బిరుదము 1913లో ఆర్యసమాజమువారిచ్చినది. బాల్యమున పేదఱికము వలన దోస్ శాంటోస్ అను బారిష్టరుగారి యింట పనిచేయుచు, వారి ప్రోత్సాహమున చదువు నేర్చిరి.

1906లో వీరు జగన్మిత్రమండలిని స్థాపించిరి. చదువురాని జనులకు పత్రికలు పంచి ప్రయోజనమేమి? కావున హరికథలు, భజనలు మూలముగా మద్యపానము, బాల్యవివాహము మొదలగువానిని మానుడని బోధించిరి. 1911లో ఆ మండలియే మాన్యసంఘమాయెను; తరువాత ఆదిహిందూ సంఘసేవాసమితి యను పేర ప్రసిద్ధి కెక్కెను.

వీరి కార్యములలో మాకు మిక్కిలి గొప్పదిగా తోచునది బడుల స్థాపనము. 1910లో ఇసామియా బజారునందు మొదటి బడి పెట్టిరి. సర్కారు బడులలో ఉర్దూ బోధనాభాషగా నుండగా వీరు మన పిల్లలకు తెలుగున చదువు చెప్పించిరి. ఇంటిలో మాటాడు భాష బడిలో వినబడినపుడు పిల్లవాని ముఖము ఎట్లు విప్పారునో ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికే తెలియును. క్రమముగా ఆ బడులు 26 ఆయెను. విద్యార్థులు సుమారు 2,500 మంది. ప్రభుత్వము ముందు చేయవలసిన పనిని ఒక పేదవాడు చందాలతో చేసి చూపగా, తరువాత నిజాము ప్రభుత్వము ఆ బడులను తనయధీనము చేసికొనెను.

ఠాణా విషయమును చెప్పవలెను. బీదవాడు తగవుతో ఠాణా మెట్లెక్కినచో తగవు తీఱుటకు ముందే కూలి పోవును, మానము పోవును. వర్మగారు కులపంచాయతీలను సంస్కరించి, మనలోని తగవులు మనలోనే న్యాయముగా తీఱునట్లు ఏర్పాటు చేసిరి. అయినను చట్టమును కాదనినవారు కారు. ఆడుబిడ్డలను జోగినులుగా దేవతలకు వదలు దురాచారముపై వీరు చేసిన ఆందోళనము వలన నిజాము ప్రభుత్వము దానిని నేరముగా ప్రకటించెను. అంతవఱకు మనలను పట్టుకొనుటకే వాడకు వచ్చుచుండిన పోలీసువాడు మన బిడ్డను కాపాడుటకు రావలసిన స్థితి కలిగెను. వచ్చెనా లేదా యనునది వేఱుమాట.

1917 నవంబరులో బెజవాడయందు ఆంధ్రదేశ పంచమ మహాసభ జరుగగా వర్మగారు అధ్యక్షులైరి. సభ జరిగిన మూడుదినములు కనకదుర్గమ్మవారి ఆలయమును మూసివేసిరి. వర్మగారు మొట్టమొదట సభ పేరునే ప్రశ్నించిరి. పంచమ శబ్దము పురాణములలో గాని ఇతర హిందూశాస్త్రములలో గాని లేదనియు, మనము ఈ నేలకు మొదటి బిడ్డలమనియు వాదించిరి. సంస్కృతము చదివినవారముగా మేమొకటి చేర్చుచున్నాము: మనకు మేలుకోరని మనుస్మృతి సైతము పదియవ అధ్యాయమున నాలుగు వర్ణములనే చెప్పి, ఐదవది లేదని స్పష్టముగా పలికినది. లేనిదానిని మనకు పేరుగా పెట్టి, ఆ పేరుతోనే బావికడనుండియు బడినుండియు తఱిమిరి! సభికులు ఆ పేరును త్రోసివేసి ఆది ఆంధ్ర మహాజనసభగా కూడి, బడులను, బావులను, స్థానిక సంస్థలలో ప్రాతినిధ్యమును కోరిరి.

1922లో చెన్నపురి ప్రభుత్వము ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామములను అంగీకరించి ఉత్తరువు చేసెను. మన అనంతపురము జిల్లా నాడు ఆ రాజధానిలోనిదే గావున తాడిమర్రికిని ఆ నామము చేరినది. 1931 జనాభాలెక్కలలో చెన్నరాజధానిలోని మాలమాదిగలలో సుమారు మూడవవంతు ఆది ఆంధ్రులమని వ్రాయించుకొనిరి.

వర్మగారు అందఱినీ ఒక్కత్రాటిపై నిలుపగలిగిరని మేము చెప్పజాలము. అరిగె రామస్వామిగారు మొదలగువారితో భేదములు కలిగెను; మాదిగ సోదరులు వేఱుగా అరుంధతీయ నామమున కూడిరి. ఒక్కపేరు చాలునను వీరి తలంపు తొందరపాటని మాయభిప్రాయము.

1930లో లక్నోలో జరిగిన ఆదిహిందూ మహాసభలో వీరు పాల్గొని, రౌండు టేబులు సమావేశమునకు అంబేద్కరుగారి ప్రాతినిధ్యమును బలపఱచిరి. 1931లో భాగ్యనగర్ పత్రికను వెలువరించిరి. 1939 ఫిబ్రవరి 18వ తేదీన ఏబదియొక్క యేండ్లు నిండకుండగనే దివంగతులైరి.

1989లో అత్యాచార నిరోధచట్టము వచ్చిన తరువాత ఠాణాలో కులము వ్రాయుటకు వేఱొక అర్థము కలిగినది. ఒకప్పుడు అనుమానమునకు హేతువైన ఆ గడి ఇపుడు బాధితునకు రక్షణ. ఆ గడి వదలివేసి ఫిర్యాదు వ్రాసిన సందర్భములును మేమెఱుగుదుము. ఫిర్యాదికి చదువు వచ్చియున్నచో చదివి, దిద్దించి, పిదపనే వ్రేలుముద్రకు బదులు సంతకము చేసియుండును.