ద్వారం వారి ఫిడేలు: ప్లేటు మీదా, పందిట్లోనూ

ఫిడేలు నాయుడు గారు అంటే చాలు, పాతతరం వారికి ఇంటిపేరు చెప్పనక్కర లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. కంటిచూపు తక్కువ కావడంతో బడిచదువు ముందుకు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు చేతికిచ్చి నేర్పారు. కళ్లు చేయలేని పని చెవులు చేశాయి.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల వెలిసింది. దానికి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడు గారి వాయిద్యం విని ఏకంగా ఫిడేలు ఆచార్య పదవే ఇచ్చారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు. దాసు గారి తర్వాత 1936లో ఆ కళాశాలకు ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. మన ఘంటసాల ఆ కళాశాలలోనే చదువుకున్నాడు.

ఇక ఆయన చేసిందేమిటి? ఫిడేలు పడమటి దేశాల నుంచి వచ్చిన వాయిద్యం. మన కచేరీల్లో దానికి దక్కిన చోటు గాయకుడి పక్కన. పాడిన దాన్ని అనుసరించడమే దాని పని. నాయుడు గారు పక్కవాయిద్యంగా ఎందరికో వాయించారు గానీ, ఫిడేలు ఒక్కటే కచేరీని నడపగలదని కూడా చూపించారు. 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ జరిగింది. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, నిడుపాటి కమానుతో గాత్రంలోని ఊపిరిని తీగ మీదికి తెచ్చారు. 1952లో యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు, జస్టిస్ రాజమన్నార్ గారింట్లో ఆయన వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి. 1964 నవంబరు 25న కన్నుమూశారు.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచీ. మా స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టి పెరిగిన నాబోటి వాడికి విజయనగరం ఎక్కడ, ఘన్‌పూర్ ఎక్కడ? కాజీపేటలో బండి మారినా ఆ కచేరీలు ఇక దొరకవు. మాకు నాయుడు గారు అంటే రికార్డే. ఆ రికార్డుల్లోనూ రెండు రకాలున్నాయి.

మొదటిది గ్రామఫోన్ ప్లేటు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. అరగంట విస్తరించవలసిన రాగాన్ని ఆ కాస్తలో చెప్పాలి. తప్పు పోతే దిద్దుకునే వీల్లేదు, మళ్లీ మొదటి నుంచి వాయించవలసిందే. అందుకే ఆ ప్లేట్లలో ఒక్క స్వరమైనా వృథా పోదు. చెక్కిన శిల్పంలా ఉంటాయవి.

రెండోది రేడియోలోనూ, కచేరీలోనూ పట్టిన టేపు. అందులో శ్రోతల దగ్గు వినిపిస్తుంది, మృదంగం ఒక్కోసారి ఫిడేలును మింగేస్తుంది. అయితేనేం, రాగం తొందర లేకుండా నడుస్తుంది. కొత్త సంగతి అప్పటికప్పుడు పుడుతుంది, సభ ఊగుతుంది.

ప్లేటు మాత్రమే విన్నవాడు ఆయన పొదుపునే చూస్తాడు. టేపు మాత్రమే విన్నవాడు ఆయన ధారాళతనే చూస్తాడు. రెండూ పక్కపక్కన విన్నవాడికే మనిషి పూర్తిగా దొరుకుతాడు. ఒకే కృతి రెండు చోట్లా దొరికితే అంతకు మించిన పాఠం ఏ కళాశాలలోనూ ఉండదు.

పాత ప్లేట్లలోని సంగీతం తర్వాత క్యాసెట్లలోకీ, ఇవాళ సెల్‌ఫోన్లలోకీ వచ్చింది. సంతోషమే. కానీ చాలావాటికి ఏ యేడు వాయించారో, పక్కన మృదంగం ఎవరో చెప్పే నాథుడు లేడు. టేపుకు బూజు పడుతుంది, ప్లేటు పగులుతుంది. వాటిని సంవత్సరాల వారీగా, పక్కవాయిద్యాల పేర్లతో సహా ఒక్కచోట చేర్చడం విశ్వవిద్యాలయాలు చేయదగిన పని. 1993లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేశారు, బాగానే ఉంది. బిళ్ల చూడ్డానికి పనికొస్తుంది. నాయుడు గారిని చూడ్డం కాదు, వినాలి.

మీ తాతగారి పెట్టెలో పాత ప్లేటు ఏదైనా పడి ఉంటే పారెయ్యకండి. ముందు దాని మీది పేరు చదవండి.