బ్రూస్ లీ: ఇద్దరు పిల్లల తండ్రి

బ్రూస్ లీ అనగానే మనకు గుర్తొచ్చేది పసుపు డ్రెస్సు, నంచాకు, పిల్లి కూత లాంటి ఆ అరుపు. మా క్యాంపులో సెలవు రోజున ఎవరో ఒకరి ఫోన్లో ఆయన సినిమా నడుస్తూనే ఉంటుంది. మాటలు అర్థం కాకపోయినా నేపాలీ తమ్ముడు, బంగ్లా భాయి, మన నిజామాబాద్ అన్న అందరూ ఒకే చోట ఈల వేస్తారు. అయితే ఆయన కూడా మనలాగే సముద్రం దాటి హోటల్లో పని చేసినవాడని, ఇద్దరు చిన్న పిల్లల్ని వదిలి 32 ఏళ్ళకే పోయాడని చాలామందికి తెలియదు. ఈ ఏటి పుస్తకానికి ఏదైనా రాయమంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు. పోయిన ఎండాకాలం మా సైట్లో జరిగిన ఒక సంగతి దానికి కారణం. అది తర్వాత చెప్తాను.

ఆయన పుట్టింది 1940 నవంబర్ 27న, అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో. తండ్రి నాటకాల నటుడు, ట్రూపుతో అక్కడికి ప్రదర్శనలకు పోయినప్పుడు కొడుకు పుట్టాడు. కొద్ది నెలలకే హాంగ్‌కాంగ్ తిరిగి వచ్చారు. పిల్లవాడు చిన్నప్పటి నుంచే సినిమాల్లో వేషాలు వేశాడు, ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ నేర్చుకున్నాడు. చదువు మాత్రం ఎక్కలేదు. వీధి కొట్లాటలు ఎక్కువయ్యేసరికి ఇంట్లోవాళ్ళు 1959లో చేతిలో వంద డాలర్లు పెట్టి ఓడ ఎక్కించారు. అప్పటికి 18 ఏళ్ళు. ఓడలో ధనవంతులకు చా-చా డాన్సు నేర్పి నాలుగు పైసలు సంపాదించాడట. సియాటిల్‌లో తండ్రికి తెలిసినవాళ్ళ హోటల్ ఉంది. అక్కడే ఒక ఇరుకు గదిలో పడుకుంటూ, టేబుళ్ళ దగ్గర వెయిటరు పని చేస్తూ, పగలు బడికి పోయాడు. ఆ పని ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. నచ్చిన పనితో గల్ఫ్‌లో బతుకుతున్నవాళ్ళు మనలో మాత్రం ఎందరున్నారు?

1961లో యూనివర్సిటీలో చేరాడు. కుంగ్ ఫూ నేర్పే క్లాసులో లిండా అనే అమ్మాయి పరిచయమైంది. అమ్మాయి ఇంట్లో ఒప్పుకోలేదు, జాతి వేరు, రంగు వేరు. అయినా 1964 ఆగస్టులో పెళ్ళి చేసుకున్నారు. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది.

1965 ఫిబ్రవరి 1న మొదటి కొడుకు బ్రాండన్ పుట్టాడు. సరిగ్గా వారానికి, 8వ తారీకున, హాంగ్‌కాంగ్‌లో తండ్రి పోయాడు. ఒక చేతిలో పసిగుడ్డు, ఇంకో చేతిలో చావు కబురు. పరుగున ఇంటికి పోయాడు గానీ కడసారి చూపు దక్కలేదు. తండ్రి ప్రాణం పోయేటప్పుడు దగ్గర లేని కొడుకు క్షమాపణ అడగాలని వాళ్ళ ఆచారం. గుమ్మం నుంచి శవపెట్టె దాకా మోకాళ్ళ మీద పాక్కుంటూ, ఏడుస్తూ పోయాడు. వీడియో కాల్‌లో తండ్రి చితి చూసినవాళ్ళు మన క్యాంపుల్లో ఉన్నారు. ఆ మోకాళ్ళ సంగతి వాళ్ళకు నేను వివరించక్కర్లేదు.

1969 ఏప్రిల్‌లో కూతురు షానన్ పుట్టింది. మరుసటి ఏడు బరువులు ఎత్తే కసరత్తులో నడుములో నరం దెబ్బతిన్నది. సరిగా వార్మప్ చేయకుండానే మొదలుపెట్టాడట. ఇక కాలు ఎత్తి తన్నడం కుదరదని డాక్టర్లు తేల్చేశారు. నెలల తరబడి మంచం. ఇంటి లోను కిస్తులు మాత్రం ఆగవు గదా. లిండా ఉద్యోగానికి పోయింది, ఈయన ఇంట్లో పిల్లలను చూసుకున్నాడు. మనోళ్ళు పని పోయి ఇంట్లో కూర్చుంటే మొహం చెల్లక దాక్కుంటారు. ఈయన ఆ ఖాళీలో పుస్తకాలు చదివాడు, తన విద్య గురించి రాసుకున్నాడు, కొడుక్కి కాలు ఎలా ఎత్తాలో నేర్పాడు. నాకైతే ఆయన సినిమాలన్నిటికన్నా ఈ కొన్ని నెలలే పెద్దవి అనిపిస్తాయి.

హాలీవుడ్ పెద్ద వేషం ఇవ్వలేదు. 1971లో హాంగ్‌కాంగ్ కంపెనీ ఒకటి రెండు సినిమాలకు 15,000 డాలర్లు ఇస్తామంది, పోయాడు. మొదటిది ది బిగ్ బాస్. థాయ్‌లాండ్‌లోని పాక్ చోంగ్ అనే ఊళ్ళో తీశారు. కథ ఏమిటంటే, చైనా నుంచి ఒక కుర్రాడు పని కోసం థాయ్‌లాండ్ పోతాడు, ఐస్ ఫ్యాక్టరీలో చేరతాడు, తోటి పనివాళ్ళు ఒక్కొక్కరే మాయమైపోతుంటారు. మన కథే! మిగతావాళ్ళు ఫైటింగుల కోసం చూస్తారు గానీ, నేను ఆ కార్మికుల గది సీన్ల కోసం చూస్తాను. ఆ సినిమాతో హాంగ్‌కాంగ్ ఊగిపోయింది. కుటుంబం కూడా అక్కడికే చేరింది.

1973 మే 10న ఎంటర్ ది డ్రాగన్‌కు డబ్బింగ్ జరుగుతోంది. చిన్న గది. శబ్దం రికార్డు కాకూడదని ఏసీ ఆపేశారు. ఆ ఉక్కలో కళ్ళు తిరిగి పడిపోయాడు, వాంతులు, ఫిట్స్. ఆసుపత్రిలో మెదడు వాచిందని చెప్పి, వాపు తగ్గే మందు ఇచ్చి బతికించారు. తర్వాత అమెరికా పోయి పరీక్షలు చేయించుకుంటే అంతా బాగుందన్నారు. మళ్ళీ పనిలో పడ్డాడు.

జూలై 20 సాయంత్రం ఒక సహనటి ఇంట్లో సినిమా పని మాట్లాడుతుండగా తలనొప్పి అన్నాడు. ఆమె ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ మాత్ర పడక మెదడు వాచిందని విచారణలో అన్నారు. 2018లో ఆయన జీవితం రాసిన ఒక రచయిత వడదెబ్బే కారణమన్నాడు. 2022లో కిడ్నీ డాక్టర్లు కొందరు, ఒంట్లో నీళ్ళు ఎక్కువై ఉప్పు తగ్గిందేమో అన్నారు. ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. పత్రికలు రాసిన చెత్త సంగతి నేను ఎత్తను.

మా సైట్ సంగతి ఇక్కడే చెప్పాలి. పోయిన ఆగస్టులో ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు సాయంత్రం తలనొప్పి, వాంతి అన్నాడు. రూముకు పోయి మాత్ర వేసుకుని పడుకున్నాడు. పొద్దున వచ్చి తగ్గింది అన్నాడు. రోజు కూలి పోతుందని అన్నాడని నాకూ తెలుసు. అయినా స్లాబ్ మీదికి పంపింది నేనే, ఆ రోజు కాంక్రీటు ఉంది మరి. పదకొండింటికి పడిపోయాడు. మధ్యాహ్నం పని ఆపే రూలు పన్నెండున్నరకు గానీ మొదలు కాదు. అంబులెన్సు త్వరగా వచ్చింది, బతికాడు, ఇంటికి పోయాడు. వాడికి మూడేళ్ళ బిడ్డ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు తలనొప్పి అన్నవాడిని క్లినిక్ కాగితం చూపించేదాకా పైకి ఎక్కనివ్వను. ఫోర్‌మన్‌లు తిట్టుకుంటారు.

హాంగ్‌కాంగ్‌లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. తర్వాత పెట్టె విమానంలో సియాటిల్ చేరింది. పెట్టె రావడం అంటే ఏమిటో శంషాబాద్‌లో ఎదురు చూసినవాళ్ళను అడగాలి. బ్రాండన్‌కు 8 ఏళ్ళు, షానన్‌కు 4. లిండాకు 28. ఎంటర్ ది డ్రాగన్ మరుసటి నెలలో అమెరికాలో విడుదలై డబ్బు కుప్పలు పోసింది, ఆయన చూడలేదు. విల్లు రాయకుండా పోయాడు, ఆస్తి లెక్కలు తేలడానికి ఆమె ఏళ్ళ తరబడి తిరిగింది. తర్వాత చదువు పూర్తి చేసి చిన్న పిల్లలకు టీచరైంది. మీ ఊళ్ళో ఇన్సూరెన్సు కాగితం మీద, బ్యాంకు పుస్తకం మీద నామినీ పేరు ఎవరిదో ఒకసారి చూసుకోండి. పెళ్ళికి ముందు తీసినవైతే ఇంకా అమ్మ పేరే ఉంటుంది.

బ్రాండన్ కూడా నటుడయ్యాడు. 1993 మార్చి 31న షూటింగులో ఉత్తుత్తి తుపాకీలో ఇరుక్కున్న గుండు ముక్క తగిలి పోయాడు. పెళ్ళికి కొన్ని రోజులే ఉంది. 28 ఏళ్ళు. షానన్ ఇప్పుడు తండ్రి పేరు మీద సంస్థ నడుపుతోంది. సియాటిల్ శ్మశానంలో తండ్రీ కొడుకులు పక్కపక్కనే ఉన్నారు. తండ్రిది ఎర్రరాయి, కొడుకుది నల్లరాయి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి రెండిటి మీదా పూలు పెట్టి పోతుంటారు.