బెంజమిన్ ఫ్రాంక్లిన్‌గారి చిన్న పుస్తకము

నూతన సంవత్సరము వచ్చినప్పుడెల్ల మనలో ననేకులు మంచి నిర్ణయములను చేసికొందుము. కొందరు దినచర్య పుస్తకమును గూడ కొని, మొదటి పుటలను అందముగా వ్రాయుదురు. కొలది వారములు గడచునప్పటికి ఆ పుస్తకము పెట్టె యడుగున చేరును. నిర్ణయించుకొనుట సులభము, ప్రతి రాత్రియు తన్ను తాను లెక్క యడుగుట కష్టము. ఆ కష్టమునకు పూనుకొనిన యొక ప్రసిద్ధ పురుషుని చరిత్రమును మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాను.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన అమెరికాలోని బోస్టను పట్టణమున జన్మించెను. అప్పుడా ప్రాంతము ఆంగ్లేయుల పాలనలో నుండెను. తండ్రి కొవ్వువత్తులును సబ్బును చేసి యమ్మి జీవించువాడు. ఆయన బిడ్డలు పదునేడుగురిలో బెంజమిన్ పదునైదవవాడు. కుటుంబము పెద్దదగుటచే అతని బడిచదువు పదియవ యేటనే ముగిసెను. పండ్రెండవ యేట అన్నగారి ముద్రాక్షరశాలలో పని నేర్చుకొన చేరి, పగలు అచ్చుపని చేయుచు, రాత్రులు ఎరవు తెచ్చిన గ్రంథములను చదువుచుండెను. అన్న కొట్టుచుండుటచే 1723లో ఫిలడెల్ఫియాకు పారిపోయెను. పిమ్మట లండనుకు పోయి, సంపాదించినదానిలో చాల భాగమును వినోదములకు వ్యయపరచెను.

1726లో ఓడపై తిరిగి వచ్చుచు, ఇరువది యేండ్ల యా యువకుడు దినచర్య వ్రాసెను. తన బ్రతుకు ఒక ఏర్పాటు లేక గడచుచున్నదని గ్రహించి, అప్పులు తీరువరకు మితముగ వ్యయము చేయుటకును, సత్యమునే పలుకుటకును, పట్టిన పనిని శ్రద్ధతో చేయుటకును, ఎవరినిగూర్చియు చెడు చెప్పకుండుటకును నిశ్చయించుకొనెను.

కొన్ని యేండ్లకు ఈ నిశ్చయములు ఒక క్రమమైన పద్ధతిగా మారెను. మితాహారము, మితభాషణము, క్రమము, దృఢనిశ్చయము, మితవ్యయము, పరిశ్రమ, నిష్కాపట్యము, న్యాయము, సమభావము, శుభ్రత, శాంతము, శీలము అను పండ్రెండు గుణములను ఆయన వ్రాసికొనెను. ఆయన గర్విష్ఠి యని ఒక స్నేహితుడు ధైర్యముతో చెప్పగా, వినయమును పదుమూడవదిగా చేర్చెను. చిన్న పుస్తకములో ప్రతి పుటయందును వారమునకు ఏడు నిలువు వరుసలును, గుణములకు పదుమూడు అడ్డవరుసలును ఎఱ్ఱసిరాతో గీచెను. రాత్రి తన నడతను పరీక్షించుకొని, తప్పిన ప్రతి తప్పునకు ఆ గడిలో నల్లచుక్క పెట్టెను. అన్నిటిని ఒక్కసారి సాధింపజూడక, వారమున కొక గుణముపై విశేష శ్రద్ధ యుంచెను. పదుమూడు వారముల కొక ఆవృత్తి, సంవత్సరమునకు నాలుగు.

తనలో ఇన్ని తప్పులున్నవని ఆయన అంతకుముందు తలంపలేదు. పాత చుక్కలను గీకి క్రొత్తవి పెట్టుచుండగా కాగితము చిల్లులు పడెను. అందుచే దంతపు రేకుల పుస్తకముపై పెన్సిలుతో గుర్తులు పెట్టి, తడి స్పాంజితో తుడుచుచుండెను. వస్తువులను వాటి చోట నుంచుటయను క్రమము ఆయనకు కడవరకు అలవడలేదు. వినయముయొక్క రూపమే గాని సారము తనకు దక్కలేదనియు ఒప్పుకొనెను. అయినను చుక్కలు తగ్గెను. తన డెబ్బదితొమ్మిదవ యేట ఫ్రాన్సునందు స్వీయచరిత్రమును వ్రాయుచు, తన సౌఖ్యమునకు ఈ అభ్యాసమే కారణమని కృతజ్ఞతతో తెలిపెను. అప్పటికాయన గ్రంథాలయ స్థాపకుడు, మెరుపును శోధించిన శాస్త్రజ్ఞుడు, 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవాడు.

కాని యొక విషయమును దాచరాదు. న్యాయమను వరుసయున్న యా పుస్తకమును ఉంచుకొనినవాడే అనేక సంవత్సరములు తన యింట బానిసలను ఉంచుకొనెను. బానిసల విక్రయ ప్రకటనలను తన పత్రికలో అచ్చువేసెను. ఆ తప్పునకు ఆయన గడిలో చుక్క పడలేదు. ఏలయన, దానిని తప్పుగా నెంచలేదు. వార్ధక్యమున కన్నులు తెరచెను. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో ఆ దురాచారమునకు విరోధముగా అమెరికా శాసనసభకు విన్నపము పంపెను. అదే యేట ఏప్రిల్ 17వ తేదీన, ఎనుబదినాలుగవ యేట మరణించెను.

ప్రియ విద్యార్థులారా, మీరును చిన్న పుస్తకము నుంచుకొనుడు. వారమున కొక లోపమునే పట్టుకొనుడు. చుక్కలను చూచి నిరాశ చెందకుడు. అయితే మనము గీచిన గళ్లలోనే మన తప్పులన్నియు ఇముడవు. ఫ్రాంక్లిన్‌గారికి పదుమూడవ వరుసను చూపినవాడు స్నేహితుడు. కావున మీ పట్టికలో ఒక వరుసను ఖాళీగా విడిచి, దానిలో ఏమి వ్రాయవలెనో మీ తల్లినో, ఉపాధ్యాయునో, నిజమైన స్నేహితునో అడుగుడు. రాత్రి దీప మార్పుటకు ముందు, హృదయములను పరిశోధించు దేవునిని సయితము అడుగుడు.