సుద్దతో గీసిన కవచం

లూవ్ర్ మ్యూజియంలో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ బొమ్మ ఒకటి ఉంది. 1748లో కాంతాన్ ద లా తూర్ గీశాడు. ఛాతీకి ఉక్కు కవచం, దాని మీద నీలం రిబ్బన్, భుజాన రాజవస్త్రం. ముఖం చూస్తే మాత్రం గులాబీ బుగ్గలు, పౌడర్ కొట్టిన జుట్టు, మెత్తటి చూపు. రొకోకో కాలం పద్ధతే అది, యుద్ధమైనా సరే సుకుమారంగా కనిపించాలి. పైగా ఇది ఆయిల్ పెయింటింగ్ కాదు, పాస్టెల్. అంటే రంగు సుద్దపొడి. అద్దం తీసి వేలితో రాస్తే ఆ ఉక్కు చెరిగిపోతుంది.

లూయీ 1710లో వెర్సాయ్‌లో పుట్టాడు. రెండేళ్ల వయసులో తట్టు సోకి వారం తేడాలో అమ్మ, నాన్న పోయారు. తర్వాతి నెలలో అన్న. ఇతన్ని పెంచుతున్న మదామ్ ద వాంతదూర్ రక్తం తీసే వైద్యుల్ని దగ్గరికి రానివ్వలేదు కాబట్టే బతికాడంటారు. 1715లో ముత్తాత పద్నాలుగో లూయీ చనిపోయాక, అయిదేళ్ల పిల్లాడు రాజయ్యాడు.

పెద్దయ్యాక కూడా చాలాకాలం రాజ్యం నడిపింది ముసలి మంత్రి ఫ్లూరీయే. ఆయన 1743లో పోయాడు. మరుసటి ఏడాది లూయీ స్వయంగా సైన్యంతో బయల్దేరి, మెట్స్‌లో చావుదాకా వెళ్లొచ్చాడు. జనం అతని కోసం ప్రార్థనలు చేసి, ప్రియతముడు అని పేరు పెట్టారు.

ఇక 1745 మే 11, ఫాంటెనాయ్. ఇప్పుడది బెల్జియంలో ఉంది. సేనాని మారిస్ ద శాక్స్‌కి ఒళ్లంతా నీరుపట్టి, గుర్రం ఎక్కలేక బుట్టలాంటి పల్లకీలో తిరుగుతూ యుద్ధం నడిపాడు. బ్రిటిష్ దళం మధ్యలోకి దూసుకొచ్చినప్పుడు రాజుని వెళ్లిపొమ్మన్నారు. లూయీ కదల్లేదు. పక్కనే పదిహేనేళ్ల కొడుకు. ఆ రోజు అతను నిజంగానే ధైర్యంగా నిలబడ్డాడు, కాదనలేం. గెలిపించింది మాత్రం పల్లకీలోని రోగి.

ఆ బొమ్మని 1748లో పారిస్ సలోన్‌లో పెట్టారు. మన భాషలో రాజుగారి డీపీ. అదే ఏడాది సంధిలో లూయీ గెలిచిన బెల్జియం ప్రాంతాలన్నీ తిరిగిచ్చేశాడు. మద్రాసు కూడా ఇంగ్లీషువాళ్లకి వెనక్కి వెళ్లింది. ఇంతమంది చచ్చింది దేనికి అని పారిస్‌లో జనం మండిపడ్డారు.

1757 జనవరి 5న వెర్సాయ్‌లో బండి ఎక్కుతుంటే దమియాన్ అనేవాడు లూయీని చిన్న కత్తితో పొడిచాడు. కాపాడింది కవచం కాదు, చలికి వేసుకున్న మందపాటి బట్టలు. గాయం చిన్నదే, అయినా దమియాన్‌ని చిత్రహింసలు పెట్టి చంపారు. అదే నెల 24న ఇదే రాజు సైన్యం బుస్సీ నాయకత్వంలో, విజయనగరం రాజు పక్షాన, బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చింది. లోపల ఎంతోమంది ఆడవాళ్లు, పిల్లలు సొంతవాళ్ల చేతుల్లోనే చనిపోయారు. మనం తాండ్ర పాపారాయుడి కథ చెప్పుకుంటాం గానీ, ఆ ఫిరంగులు ఏ రాజువో అడగం. నాకైతే ఇది తెలిశాక ఆ గులాబీ బుగ్గలు వేరేగా కనిపించాయి.

ఆరేళ్ల తర్వాత, 1763 సంధితో కెనడా పోయింది. ఇండియాలో పుదుచ్చేరి, యానాం లాంటి నాలుగైదు చోట్లు తప్ప ఏం మిగల్లేదు.

1774 మే 10న లూయీ మశూచితో చనిపోయాడు. అంటుకుంటుందన్న భయంతో శవాన్ని రాత్రిపూట, హడావిడిగా, సెయింట్ డెనీకి తరలించారు. ప్రియతముడు అన్న జనమే దారి పొడుగునా ఎగతాళి చేశారు.