దీనబంధు ఆండ్రూస్

1871లో ఇంగ్లాండులో జన్మించిన చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ 1904లో మిషనరీగా ఢిల్లీ చేరి, సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో బోధకుడాయెను. 1906లో ప్రిన్సిపాల్ పదవి తనకీయజూచినను నిరాకరించి, భారతీయ క్రైస్తవుడైన సుశీల్ కుమార్ రుద్రాయే అందుకు తగినవాడని పట్టుబట్టెను. క్రీస్తు నెరిగినవారి నడుమ జాతి గోడ నిలువరాదని ఆయన విశ్వాసము.

1914 జనవరిలో డర్బను రేవున దిగి, తెల్లవారు చూచుచుండగా గాంధీగారి పాదములంటెను. స్వజాతివారు ఏవగించుకొనినను వెనుదీయలేదు. 1915లో ఫిజీకేగి, చెరకు తోటలలో మగ్గుచున్న ఒప్పందపు కూలీల దుఃస్థితిని లోకమునకు చాటెను. వారిలో మన తెలుగువారును ఉండిరి. 1920 జనవరి 1న అక్కడి కూలి ఒప్పందములు రద్దాయెను. 1940 ఏప్రిల్ 5న ఆయన కలకత్తాలో ప్రభువునందు నిద్రించెను.

ప్రియ చదువరీ, పొట్టకూటికై మన వీధికి వలస వచ్చినవానిని మొదట ఏ జాతివాడవని అడుగుదుమా, లేక క్రీస్తు పేరట చేర్చుకొందుమా?